గండికోట టెంట్ల కాడికి ఏ వైన్ తీసుకుపోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ప్రొద్దుటూరు బావ అయినా, అనంతపురం చిన్నాయన కొడుకైనా, బెంగళూరు మరదలైనా అందరూ అడిగేది ఒకటే. "గండికోటలో టెంట్లు మాట్లాడినాం. బ్రాందీ వాసన ఇంట్లోవాళ్ళకు పడదు. ఈసారి వైన్ తీసుకుపోదామనుకుంటాండాం. ఏది కొనమంటావు?" పదేళ్ళుగా ఏటా ఒకసారైనా ఆ లోయ పక్కన పడుకుంటున్నవాణ్ణి కాబట్టి అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసిపెడుతున్నా.

గండికోటలో అసలు తాగొచ్చా?

కోట లోపల వద్దు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు అన్నీ ఆ గోడల మధ్యే ఉన్నాయి. ఊరివాళ్ళు కూడా అక్కడే తిరుగుతుంటారు. బహిరంగ ప్రదేశంలో తాగడం మన రాష్ట్రంలో నేరం. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మడమూ నేరమే. ఇక మిగిలింది మీరు డబ్బు కట్టి ఉండే చోటు. టెంట్లవాళ్ళను, గదులవాళ్ళను ముందే ఫోన్లో అడగండి: "మా కుటుంబం వరకు, రాత్రి భోజనంతో తలా ఒక గ్లాసు, అభ్యంతరమా?" వద్దంటే వద్దు, అక్కడితో ఆ మాట వదిలేయండి.

లంకమల వైపో, నల్లమల వైపో పోయేటట్టయితే బాటిల్ ఇంట్లోనే పెట్టి పొండి. లంకమల్లేశ్వర అభయారణ్యం కలివికోడి ఉండే చోటు. ఆ పక్షి ఇక లేదని అందరూ అనుకున్నాక 1986లో మన కడప జిల్లాలోనే మళ్ళీ కనబడింది. అట్లాంటి అడవిలో మన సీసాలకు పనేముంది?

లోయ అంచున కూర్చుని ఒక గ్లాసు తాగుతూ సూర్యాస్తమయం చూస్తే ఎంత బాగుంటుంది?

ఫొటోలో బాగుంటుంది. అక్కడ కంచె లేదు, బండలు నున్నగా ఉంటాయి, కింద పెన్న వరకు వందల అడుగులు. మా ఇంట్లో దీనికి ఒక కట్టుబాటు ఉంది. సూర్యుడు మునిగి, అందరూ అంచు వదిలి టెంట్ల కాడికి వచ్చి, తలలు లెక్కపెట్టుకున్నాకే మూత తియ్యాలి. తీశాక ఎవరూ మళ్ళీ అంచుకు పోకూడదు, నీళ్ళలో దిగకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణే.

వైన్ షాపులో వైన్ దొరుకుతుందా?

నవ్వకండి, ఇది న్యాయమైన ప్రశ్న. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు ఉన్న చోట వైన్ తప్ప అన్నీ ఉంటాయి. 2019 అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వం నడిపింది. 2024 అక్టోబరు 16 నుంచి లాటరీలో దక్కించుకున్న ప్రైవేటువాళ్ళ చేతికి వచ్చాయి, రాష్ట్రమంతా కలిపి 3,396. ఎవరు నడిపినా మన దగ్గర అమ్ముడుపోయేది బ్రాందీ, విస్కీ, బీరు. వైన్ పై అరలో దుమ్ము పట్టి ఉంటుంది.

అందుకే పోయే ముందురోజు కాదు, వారం ముందే చూసుకోండి. జమ్మలమడుగులో దొరుకుతుందిలే అని బయలుదేరకండి. కడప, అనంతపురం, కర్నూలు లాంటి ఊళ్ళలో పెద్ద షాపుల్లో నాలుగైదు రకాలు ఉంటాయి. "వైన్ ఉందా?" అని అడిగితే కౌంటరు అబ్బాయి మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. "రెడ్ వైన్, వైట్ వైన్" అనండి, అర్థమవుతుంది.

అరలోంచి దించిన బాటిల్‌ను చేతిలోకి తీసుకుని చూడటానికి మొహమాటపడకండి. కార్కు ఉన్నదయితే మెడ దగ్గర పైకి ఉబికిందా, జిగటగా కారిన మరక ఉందా చూడండి. ఉంటే అది వేసవంతా రేకుల కింద ఉడికిందన్న మాట. తెల్ల వైన్‌ను వెలుతురుకు ఎత్తిపట్టండి. లేత గడ్డిరంగు ఉంటే సరే, టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటే మర్యాదగా వెనక్కిచ్చేయండి.

బెంగళూరు నుంచి తెచ్చుకుంటే? అక్కడ రకాలు ఎక్కువ కదా.

మరదలు ప్రతిసారీ అడిగేది ఇదే. అక్కడ రకాలు ఎక్కువే, షాపులవాళ్ళకు సరుకు గురించి తెలుసు కూడా. కానీ రాష్ట్రం దాటించడం ఎక్సైజ్ వ్యవహారం. సరిహద్దులో ఆపితే సరుకు పోతుంది, కేసు పడుతుంది, పిల్లలతో చెక్‌పోస్టు పక్కన గంటలు గడిచిపోతాయి. నియమాలు మారుతుంటాయి కాబట్టి పర్మిట్ సంగతి ఎక్సైజ్ స్టేషన్లో కనుక్కోకుండా డిక్కీలో పెట్టకండి. ఆ తలనొప్పి లేకుండా ఇక్కడ దొరికే దాంతోనే బాగా గడుస్తుంది.

ఇవన్నీ సరే. ఒక్క ముక్కలో చెప్పు, ఏది కొనాలి?

షెనిన్ బ్లాంక్. తెల్లది, కొంచెం తీపి తగిలేది, తిప్పితే వచ్చే మూత ఉన్నది. మహారాష్ట్రలోని నాసిక్ సరుకులో సులా కంపెనీది ఎక్కువ చోట్ల దొరుకుతుంది. రెండో బాటిల్ కావాలంటే గులాబిరంగు రోజే వైన్, అంటే జిన్‌ఫాండెల్ రోజే లాంటిది. మూడోది, మాంసం నిప్పుల మీద కాల్చేటట్టయితేనే, షిరాజ్ అనే ఎర్రది.

ఖరీదైన కాబర్నే సావిన్యాన్ లాంటి ఎర్రది, ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన బాటిల్, పెళ్ళిరోజుకు దాచుకున్నది – ఇవేవీ టెంటు కాడికి వద్దు. ఎండ, దుమ్ము, గాలి, కట్టెల పొగ, నాటుకోడి పులుసు. వీటి మధ్య దాని వాసన ఎవరికీ అందదు. అది ఇంట్లో ఫ్యాను కింద తాగాల్సిన వస్తువు.

షెనిన్ బ్లాంకే ఎందుకు? మన కారానికి ఏది తట్టుకుంటుంది?

దీనికి కొంచెం పొడుగ్గా చెప్పాలి. పట్నం హోటళ్ళలో "మాంసానికి ఎర్రది, చేపకు తెల్లది" అని ఒక సూత్రం చెబుతారు. అది మసాలా తక్కువ తినేవాళ్ళ సూత్రం. రాయలసీమలో చూడాల్సింది మాంసమా చేపా అని కాదు, కారం ఎంత, చింతపండు ఎంత అని.

మిరపకాయలోని ఘాటు నోట్లో వేడిని పసిగట్టే నరాలను రేపుతుంది. ఆల్కహాల్ రేపేదీ ఆ నరాలనే. రెండూ కలిస్తే మంట కూడిక కాదు, గుణకారం అవుతుంది. అందుకే 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగి, వెంటనే నాటుకోడి పులుసులో సంగటి ముద్ద ముంచి తింటే చెవుల్లోంచి పొగలు వస్తాయి. 11, 12 శాతం ఉన్నది తీసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. శాతం బాటిల్ మీద ఉంటుంది, చదవండి.

రెండోది వగరు. ఎర్ర వైన్‌ను ద్రాక్ష తొక్కలతో కలిపి పులియబెడతారు. రంగూ వగరూ ఆ తొక్కలోంచే వస్తాయి. పచ్చి సపోటా కొరికితే నాలుక బిగుసుకుంటుంది చూడండి, అదే. కారంతో కలిసినప్పుడు ఆ వగరు గరుకుగా, చేదుగా మారుతుంది. తెల్ల వైన్‌కు తొక్క తీసేసి రసం మాత్రమే పులియబెడతారు కాబట్టి వగరు దాదాపు ఉండదు. రోజేలో తొక్క కొన్ని గంటలే ఉంటుంది, రంగుకు సరిపడా.

మూడోది తీపి. కారానికి విరుగుడు తీపీ చల్లదనమూ అని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కారం దోసె తిని ముక్కు కారుతుంటే బెల్లం ముక్క నోట్లో వేసుకోవడం చిన్నప్పటి నుంచి చేస్తున్నదే. షెనిన్ బ్లాంక్‌లో వదిలిన కాస్త తీపి ఆ పని చేస్తుంది. పులుపు కూడా ఉంటుంది కాబట్టి చింతపండు పులుసు పక్కన చప్పబడదు. పులుపు లేని వైన్‌ను పులుసుతో తాగి చూడండి, నీళ్ళు కలిపినట్టుంటుంది.

మా వాళ్ళ మీద ప్రయోగించి తేల్చుకున్నవి చెబుతా. సంగటి, నాటుకోడికి చల్లటి షెనిన్. మిరపకాయ బజ్జీలకు బుడగల వైన్, లేదా సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో తెల్లది. నూనెను కోస్తుంది. చెనిక్కాయల పొడి, ఉల్లికారం, నువ్వుల చట్నీ ఉంటే రోజే. పొట్టేలు ముక్కలకు ఉప్పు, మిరియాలు, అల్లం పట్టించి నిప్పుల మీద కాలిస్తే, మిరపపొడి మీద చెయ్యి కట్టేసుకుంటేనే, షిరాజ్. ఆ కాలిన వాసనకు అది ఎట్లా అతుకుతుందో తాగినవాళ్ళకే తెలుస్తుంది. ఓళిగలు మిగిలి ఉంటే 'లేట్ హార్వెస్ట్' అని రాసి ఉండే తియ్యటి వైన్, అదీ రెండు గుక్కలు. ఆవకాయకు ఏదీ సరిపోదు. నేను ప్రయత్నించి ఓడిపోయాను, మజ్జిగ తాగండి.

బుడగల వైన్ తీసుకుపోతే పండగలా ఉంటుంది కదా?

డిసెంబరులో అయితే సరే. మా అనుభవం వినండి. ఒక ఏప్రిల్లో, పొద్దున్నే బయలుదేరాం కదా అని, దారిలో బెలుం గుహలు చూద్దామని దిగాం. డిక్కీలో బుడగల వైన్ ఒకటి, దాని పక్కన రాగిపిండి మూట. గుహల్లోంచి బయటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. డిక్కీ తీస్తే బాటిల్ మెడ లేదు. గాజు పెంకులు దుప్పట్ల మడతల్లోకి దూరాయి, రాగిపిండి తడిసి ముద్దై పులిసిన వాసన కొడుతోంది. ఆ రాత్రి సంగటి లేదు, అన్నమే. మా వదిన ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

తప్పు నాదే. బుడగల వైన్ బాటిల్లో ఒత్తిడి కారు టైరులో గాలికి రెండు మూడు రెట్లు ఉంటుంది. ఎండలో ఆపిన కారు లోపల వేడి 60 డిగ్రీల దాకా పోతుంది. వేడెక్కే కొద్దీ ఒత్తిడి పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇప్పుడు క్యాన్లలో వచ్చే తక్కువ ఆల్కహాల్ బుడగల వైన్లు ఉన్నాయి, సులావాళ్ళ దియా లాంటివి. పగలవు, తలా ఒకటి ఇచ్చేయొచ్చు. కానీ వాటినీ ఐస్ డబ్బాలోనే తీసుకుపోవాలి.

మామూలు వైన్‌కు కూడా ఎండ తగలకూడదా?

తగలకూడదు. పగలకపోయినా ఉడుకుతుంది. ఉడికిన వైన్ కాచిన పండ్ల రసంలా మొద్దుగా తయారవుతుంది, మళ్ళీ చల్లబరిచినా రుచి తిరిగిరాదు. డిక్కీలో కాదు, ఏసీ తగిలేలా వెనక సీటు కింద, తడి తువ్వాలు చుట్టి పెట్టండి. కడప నుంచి గండికోటకు దాదాపు 80 కి.మీ., ఆ మాత్రానికి అది చాలు. మధ్యలో ఆగి భోజనం చేసేటప్పుడు బాటిల్ కూడా మీతో దిగాలి, సంచిలో మర్యాదగా.

ఫ్రిజ్ లేని చోట చల్లబరచడం ఎట్లా?

రెండు పద్ధతులు. తెల్లదానికి ఒకటి, ఎర్రదానికి ఇంకొకటి.

తెల్లదీ రోజే కూడా 8 నుంచి 12 డిగ్రీల మధ్య బాగుంటాయి. దానికి ఐస్ కావాలి. అయితే వట్టి ఐస్ ముక్కల మధ్య బాటిల్ గుచ్చితే గంటైనా సరిగా చల్లబడదు. ముక్కకూ ముక్కకూ మధ్య గాలే కదా ఉండేది. ప్లాస్టిక్ బకెట్‌లో సగం ఐస్, సగం నీళ్ళు పోసి, గుప్పెడు కల్లుప్పు వేసి కలపండి. ఉప్పు తగిలితే ఐస్ కరుగుతూ నీళ్ళను ఇంకా చల్లబరుస్తుంది. బాటిల్‌ను మెడ దాకా ముంచి, అప్పుడప్పుడు చేత్తో తిప్పండి. 20 నిమిషాలకు చెయ్యి పెడితే కొరికేటట్టుంటుంది, తీసేయొచ్చు. ఐస్ ఫ్యాక్టరీలో కొన్న గడ్డ బకెట్‌కు మాత్రమే, గ్లాసులోకి వద్దు. అది తాగే నీళ్ళతో చేసిందో లేదో చెప్పలేం.

నేను చేసేది ఇంకా తేలిక. ముందురోజు రాత్రి ఇంట్లో లీటరు నీళ్ళ బాటిళ్ళు నాలుగు, నిండా పోయకుండా, ఫ్రీజర్లో గడ్డ కట్టిస్తాను. ఐస్ డబ్బాలో వాటి మధ్య వైన్ పెడితే సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. మరుసటి రోజు ఆ నీళ్ళే తాగుతాం, బరువు వృథా కాదు. గింజలేని ద్రాక్ష ఒక డబ్బా గడ్డ కట్టించి తెస్తే గ్లాసులో ఐస్ ముక్కల బదులు వేసుకోవచ్చు, వైన్ పలచబడదు.

ఎర్రదానికి అంత చలి పనికిరాదు. మరీ చల్లబడితే వగరు ముందుకొస్తుంది. 16, 18 డిగ్రీలు చాలు. దీనికి మన అవ్వలు కుండకు చేసిన పనే. గోనె సంచి ముక్కను తడిపి బాటిల్‌కు చుట్టి, నీడలో, గాలి ఆడే చోట, అడుగున ఒక పళ్ళెంలో నీళ్ళుపోసి నిలబెట్టండి. గోనె నీళ్ళు పీల్చుకుంటుంది, గాలికి ఆరుతుంది, ఆరే కొద్దీ బాటిల్ వేడి లాగేస్తుంది. లోయ మీది నుంచి వచ్చే మన పొడిగాలికి మధ్యాహ్నం 30 డిగ్రీలున్నా గంటా రెండు గంటల్లో 20 దరిదాపులకు దిగుతుంది. కోస్తాలో ఈ కిటుకు పారదు, అక్కడ గాలే తడి. మన కరువు గాలి వల్ల ఒక ఉపకారం.

గ్లాసులు ఏవి?

స్టీలు గ్లాసులు. పగలవు. వాసన కొంచెం తక్కువ తెలుస్తుంది, ఫర్వాలేదు. రాగి, ఇత్తడి గ్లాసుల్లో పోయకండి, వైన్‌లోని పులుపు లోహాన్ని కరిగిస్తుంది. కాళ్ళున్న గాజు గ్లాసులు బండ మీద ఒక్క రాత్రి కూడా బతకవు. పగిలిన పెంకులు మీరు వెళ్ళిపోయాక అక్కడ తిరిగే మేకల గిట్టల్లో గుచ్చుకుంటాయి. ఖాళీ బాటిళ్ళు కూడా అదే సంచిలో ఇంటికి తెచ్చుకోవాలి.

స్టీలు గ్లాసుతో ఒకటే చిక్కు. నిండా పోస్తే మన ఇళ్ళలో గ్లాసు 250 మి.లీ. పట్టేస్తుంది. వైన్ లెక్కలో ఒక గ్లాసంటే 150 మి.లీ., అంటే సగానికి కొంచెం పైన. ఇంట్లో ఒకసారి కొలిచి, ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపెట్టుకోండి.

వైన్ కదా, కిక్ ఉండదంటారు. ఎంత తాగినా ఏం కాదా?

ఈ మాట నమ్మి మా బావ ఒకసారి బాటిల్ మొత్తం తాగి, టెంటు జిప్పు ఎటు తీయాలో తెలియక బయటే పడుకున్నాడు. లెక్క చూడండి. 750 మి.లీ. బాటిల్లో 12.5 శాతం అంటే 94 మి.లీ. ఆల్కహాల్. విస్కీ క్వార్టర్ 180 మి.లీ.లో 42.8 శాతం అంటే 77 మి.లీ. ఫుల్ వైన్ బాటిల్ ఒక క్వార్టర్ కంటే ఎక్కువే! తియ్యగా, చల్లగా ఉంటుంది కాబట్టి తెలియకుండా దిగిపోతుంది, అంతే తేడా.

తాగే పెద్దవాళ్ళు నలుగురుంటే రాత్రికి ఒక బాటిల్. తలా ఒక గ్లాసు, ఇంకా అడుగున కొంచెం. రెండు రాత్రులకు రెండు, ఒకటి రోజే వైన్, ఒకటి తెల్లది. అంతకంటే తీసుకుపోతే తాగేస్తారు, నాకు తెలిసినంతలో మిగిల్చినవాళ్ళు లేరు. గ్లాసు వైన్‌కు గ్లాసు నీళ్ళు తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది: ఆల్కహాల్ ఇంత తాగితే హాని లేదు అనే కొలత ఏదీ లేదని. 'గుండెకు మంచిదట' అని వైన్ తాగేవాళ్ళు ఆ సాకు వదులుకోవచ్చు. రుచికి తాగుతున్నాం అనుకుంటే సరి.

రాత్రి తాగి తెల్లారి కారు నడపొచ్చా?

ఒక గ్లాసయితే తెల్లారేసరికి పోతుంది. బాటిల్ అయితే పొద్దున ఆరింటికి కూడా లోపలే ఉండొచ్చు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే కేసు. మొదటిసారికే రూ.10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నడిపేవాళ్ళెవరో ముందే తేల్చుకుని వాళ్ళ చేతిలో నన్నారి షర్బత్ పెట్టండి.

పెద్దవాళ్ళు ఏమనుకుంటారో?

అనుకుంటారు. మా నాయన ముందు నేను ఇప్పటికీ తాగను, ఆయనకు తెలుసు, నాకు తెలుసు, అంతే. ఆయన భోజనం చేసి టెంటులోకి పోయాకే బకెట్‌లోంచి బాటిల్ తీస్తాం. దాచిపెట్టడం అనుకోకండి, ఒక వరస. మీ ఇంట్లో వరస వేరే ఉండొచ్చు. మరదలి వాళ్ళ అత్త అయితే ఆమె పక్కనే కూర్చుని "ఇది పుల్లగుంది, ఇంకోటి తీయి" అంటుంది. ఎవరినీ 'ఒక్క చుక్క' అని బలవంతం చేయొద్దు, ముఖ్యంగా కొత్తగా వచ్చిన అల్లుళ్ళనూ కోడళ్ళనూ.

పిల్లలకు?

నాకడానికి కూడా వద్దు. వాళ్ళకు నన్నారి సోడా చేయండి. నిమ్మకాయ పిండి, నన్నారి రెండు చెంచాలు పోసి, అదే ఐస్ నీళ్ళలో చల్లబరిచిన సోడాతో నింపి, గడ్డ కట్టిన ద్రాక్ష నాలుగు వేయండి. రంగు చూస్తే పెద్దవాళ్ళదాని కంటే బాగుంటుంది. మా ఇంట్లో సగం మంది వైన్ వదిలేసి ఇదే అడుగుతారు.

షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు?

డాక్టరును అడక్కుండా వద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఖాళీ కడుపున తాగితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. అది మత్తులాగే కనబడుతుంది, చీకట్లో పక్కవాళ్ళు కూడా పోల్చుకోలేరు. నిద్రమాత్రలు, కొన్ని యాంటీబయోటిక్‌లు (మెట్రోనిడజోల్ లాంటివి) వాడుతుంటే అసలు ముట్టకూడదు. గర్భిణులు కూడా.

ద్రాక్షారిష్టం లాంటిదే కదా వైన్?

చుట్టరికం ఉంది. ద్రాక్షారిష్టం కూడా పులియబెట్టేదే, తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఉందని సీసా మీదే రాస్తారు. కానీ అది మందు, చెంచాల లెక్క. ఇక గోవా నుంచి తెచ్చే 'పోర్ట్' పేరున్న తియ్యటి సరుకు ఇంకో రకం. పాకంలా ఉంటుంది, భోజనంతో కుదరదు. మొదటిసారి తాగేవాళ్ళకు అదిచ్చి "వైన్ అంటే ఇదే" అని చెప్పకండి.

అనంతపురంలో అంత ద్రాక్ష పండుతుంది, మన వైన్ ఎందుకు లేదు?

మనం పండించేది తినే ద్రాక్ష. పెద్ద పండు, పలచని తొక్క, నీళ్ళెక్కువ. వైన్‌కు చిన్న పండు, మందం తొక్క, తీపితోపాటు పులుపూ కావాలి. పులుపు నిలవాలంటే రాత్రులు చల్లగా ఉండాలి. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది, వైన్ చేసే గ్రోవర్‌వాళ్ళ తోటలున్న, బెంగళూరు దగ్గరి నంది కొండల ప్రాంతం ఇంకా పైన. కడప ఎత్తు 140 మీటర్లు కూడా లేదు, ఇక్కడి వేడికి పండులోని పులుపు ఎగిరిపోతుంది. మనకు ఇంకో చుట్టం హంపి కొండల్లోని క్ర్‌స్మా అనే వైన్ కంపెనీ తోటలు, బళ్ళారి దాటి పోవాలి.

పాతబడే కొద్దీ మంచిదంటారు, పాతది చూసి కొనమంటావా?

వద్దు. ఆ సామెత నేలమాళిగల్లో దాచిన కొన్ని ఎర్ర వైన్లకు. మన షాపుల్లో తెల్లదీ రోజే కూడా ఎంత కొత్తవైతే అంత మేలు. నాసిక్ వైపు కోత జనవరి నుంచి మార్చి మధ్య. బాటిల్ మీద సంవత్సరం ఉంటే ఈ ఏటిదో పోయిన ఏటిదో తీసుకోండి.

వైన్ శాకాహారమేనా?

అన్నీ కాదు. మడ్డి తేర్చడానికి కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన, చేప నుంచి తీసిన పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్ళు ఉంటే 'వీగన్' అని రాసి ఉన్నది వెతకండి.

ఓపెనర్ మరిచిపోతే?

అందుకే తిప్పే మూత కొనమన్నది. ఒకసారి నేను గరిటె కాడతో కార్కును లోపలికి తోశాను. అది ఒక్కసారిగా దిగి, సగం గ్లాసు వైన్ ఎగిరి వదిన చీర మీద పడింది. ఎర్రది. చీర కూడా లేతపసుపు. (ఆమె దగ్గర నా పద్దు పెద్దదే.) బాటిల్‌ను చెప్పులో పెట్టి గోడకేసి కొట్టే విద్య ఒకటి వీడియోల్లో చూపిస్తారు, కోట గోడ దగ్గర అట్లాంటివి చేయకండి. మరక పడితే రుద్దకుండా గుడ్డతో అద్ది, ఉప్పు చల్లి, చల్లటి నీళ్ళలో నానబెట్టండి.

పురుగులు?

తియ్యటి వాసనకు వస్తాయి, లైటు ఉంటే ఇంకా వస్తాయి. గ్లాసు మీద చిన్న ప్లేటు మూతపెట్టండి. లాంతరును మనుషులకు కొంచెం దూరంగా కొమ్మకు కట్టండి, పురుగులు దాని చుట్టూ తిరుగుతాయి.

మిగిలితే ఏం చేయాలి?

మూత బిగించి ఐస్ డబ్బాలో పెడితే మరుసటి రాత్రి దాకా బాగుంటుంది. బుడగలది అయితే ఆ రాత్రికే. ఎర్రది అరగ్లాసు మిగిలితే, రెండో రోజు వండే మాంసానికి అల్లం వెల్లుల్లితోపాటు పట్టించి గంట నాననివ్వండి, ముక్క మెత్తబడుతుంది. కానీ ఆ కూర నాయనకు వడ్డించే ముందు ఆ సంగతి చెప్పండి. నేను చెప్పలేదు. రెండోసారి వేయించుకుని, "ఈసారి కూరలో ఏందో పులుపు బాగా కుదిరింది" అన్నాడు. వదిన నా వైపు చూసింది.